కార్బన్ సైకిల్ సీట్ స్టే పగిలింది, ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను కుదించి రాస్తున్నా, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకు కూడా సంగతి తెలియాలి కదా. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కార్బన్ రోడ్ సైకిల్. మిర్యాలగూడ నుంచి సాగర్ వైపు పోతూ హాలియాలో టీ కొట్టు ముందు నిలబెట్టావు. ఎవరో బైక్ వెనక్కి తీస్తూ ఫుట్‌రెస్ట్ తగిలించారు. ఎడమ సీట్ స్టే (సీటు కింది నుంచి వెనక ఇరుసుకు దిగే సన్నటి గొట్టం) మీద 4 సెంటీమీటర్ల పగులు, దాని మధ్యలో బొటనవేలి గోరంత సొట్ట. సైకిల్ కుడిపక్కకు పడడంతో హ్యాండిల్‌బార్ కొస కూడా ఒరుసుకుపోయింది, అదీ కార్బనే. బంపర్లు అతికించే షాపులో "ఫైబర్ వేసిస్తాం, సాయంత్రం వచ్చి తీసుకుపో" అన్నారు. ఇంకెవరో ఎమ్‌సీల్ చాలన్నారు. నువ్వేమో అరాల్డైట్ కొని పెట్టుకున్నావు.

సీట్ స్టే బాగవుతుంది. ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. హ్యాండిల్‌బార్ మాత్రం బాగుచేసే వస్తువు కాదు. అరాల్డైట్ ఇంట్లో ఇంకేదైనా పనికొస్తుంది, దాచుకో.

నేను బాలానగర్‌లో కాంపోజిట్ పనిలో, అంటే పోగు గుడ్డను జిగురుతో గట్టిపరిచే పనిలో, చాలా ఏళ్ళు ఉండి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో స్థిరపడ్డాను. తెలిసినవాళ్ళ ఫ్రేములు ఇంటికి వస్తూనే ఉంటాయి. డబ్బు తీసుకోను కాబట్టి మొహమాటం లేకుండా "ఇది చెయ్యను" అని చెప్పే స్వేచ్ఛ కూడా ఉంది.

హ్యాండిల్‌బార్ సంగతి ముందు తేల్చేద్దాం. కార్బన్ భాగం ఏది దెబ్బతిన్నా నేను మొదట చూసేది, అది నడుస్తుండగా విరిగితే మనిషికి ఏమవుతుందనే. వెనక త్రికోణంలో సీట్ స్టేలు రెండు, పెడళ్ళ దగ్గర నుంచి వెనక ఇరుసుకు పోయే చైన్ స్టేలు రెండు. ఒక సీట్ స్టే తెగితే వెనక చక్రం ఊగుతుంది, కిర్రుమంటుంది, బ్రేకు పట్టు మారుతుంది. చాలాసార్లు ఆగి దిగడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. హ్యాండిల్‌బార్, స్టెమ్, ఫోర్క్, ఫోర్క్ నుంచి పైకి పోయే స్టీరర్ గొట్టం, సీట్ పోస్ట్ అట్లా కాదు. అలాయ్ బార్ వంగి, ఏదో తేడాగా ఉందని నీకు తెలిసేలా చేస్తుంది. కార్బన్ బార్ చివరి నిమిషం దాకా బాగానే ఉండి ఒక్కసారి తెగుతుంది, అప్పుడు నీ మొహం నేరుగా రోడ్డు మీదే. పైన రంగులేని పూత, క్లియర్ కోట్, ఒక్కటే గీసుకుపోతే ఫర్వాలేదనేవాణ్ణి. నీ ఫోటోలో బ్రేక్ లివర్ బిగించే చోటనే పోగులు లేచి కనిపిస్తున్నాయి. తీసెయ్, అలాయ్ బార్ వేసుకో. తీసిన దాన్ని రంపంతో రెండు ముక్కలు చేసి పారెయ్. లేకపోతే ఎవరో ఒకరు దాన్ని తుడిచి మళ్ళీ అమ్ముతారు.

ఫ్రేములో కూడా అన్నిచోట్లా ఇంటి పని నడవదు. హ్యాండిల్ కూర్చునే హెడ్ ట్యూబ్ చుట్టూ, పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ చుట్టూ, చక్రం ఇరుసు కూర్చునే డ్రాపవుట్ అతుకుల దగ్గర, సీట్ పోస్ట్ బిగించే చోట పగిలితే నేను ముట్టుకోను. అక్కడ పొరల అమరిక చిక్కుగా ఉంటుంది, కొలతలు వెంట్రుకవాసి తేడా వచ్చినా బేరింగ్ కూర్చోదు. నీది డిస్క్ బ్రేక్ సైకిల్ అయి, పగులు బ్రేకు క్యాలిపర్ బిగించే చోటికి దగ్గరగా ఉంటే అదీ అంతే. నీ పగులు స్టే మధ్యలో ఉంది. ఆ విషయంలో అదృష్టవంతుడివి.

ఇప్పుడు ఆ బంపర్ షాపు మాట. వాళ్ళు చేతగానివాళ్ళని కాదు, వాళ్ళ సరుకు వేరు. కార్బన్ గొట్టంలో బరువు మోసేది పోగు. ఒక్కో పోగు 5 నుంచి 7 మైక్రాన్లు, మన తల వెంట్రుకలో సుమారు పదో వంతు. మామూలు రకం కార్బన్ పోగు 3500 నుంచి 4900 మెగాపాస్కల్ దాకా లాగుడును ఓర్చుకుంటుంది. ఆ పోగుల్ని కలిపి ఉంచే జిగురు ఎపాక్సీ. గట్టిపడ్డాక అది ఓర్చుకునేది 60, 70, మహా అయితే 80. నీ స్టేలో తెగింది పోగు. దానిమీద ఎంత ఖరీదైన జిగురు పోసినా తెగిన పోగు చేసే పనిలో నలభయ్యో వంతు కూడా చెయ్యదు. ఎమ్‌సీల్, అరాల్డైట్ రెండింటి కథా ఇక్కడితో సరి. అరాల్డైట్ చిక్కటి జిగురు, రెండు ముక్కల్ని అంటించడానికి చేసింది. గుడ్డ పోగుల మధ్యకు ఇంకదు.

బంపర్ షాపులో వాడేది పాలియెస్టర్ రెజిన్, దానికి తరిగిన గాజు పీచుతో చేసిన మ్యాట్. పాలియెస్టర్ పాత ఎపాక్సీని గట్టిగా పట్టుకోదు, కొన్నాళ్ళకు పెచ్చులా లేస్తుంది. గాజు పోగు బిగువు కార్బన్ పోగు బిగువులో మూడో వంతు కూడా ఉండదు, సుమారు 72 గిగాపాస్కల్, కార్బన్‌ది 230. అంటే ఆ గాజు పట్టీ సాగి బరువు అందుకునేలోపే పక్కనున్న పాత కార్బన్ మీద భారమంతా పడి, పట్టీ అంచున కొత్త పగులు పుడుతుంది. పోనీ ఆ మ్యాట్‌నే ఎపాక్సీతో వేద్దామా అంటే, పీచును కలిపి ఉంచే బంక పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. మ్యాట్ అట్టలా నిలబడుతుంది.

నీకు కావలసింది 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే) కార్బన్ గుడ్డ ఒక అర మీటరు, పల్చగా పారే లామినేటింగ్ ఎపాక్సీ, దాని జత హార్డెనర్. మన దగ్గర తేలిగ్గా దొరికేవి ఎల్‌వై 556 రెజిన్ – హెచ్‌వై 951 హార్డెనర్, లేదా ల్యాపాక్స్ ఎల్-12 – కే-6. రెండు జతలకూ తూకంలో 100 రెజిన్‌కు 10 హార్డెనర్. నల్గొండలో తిరిగి టైమ్ వేస్ట్ చేసుకోకు, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపో బాలానగర్ ఇండస్ట్రియల్ ఏరియాలోనో ఫైబర్ సరుకు అమ్మేవాళ్ళను అడుగు. ఆన్‌లైన్‌లో కూడా వస్తుంది. కొనేటప్పుడు డేటా షీట్ అడిగి తీసుకో, వేడి పెట్టే లెక్క అందులోనే ఉంటుంది.

హార్డెనర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పాలియెస్టర్ పని చేసినవాళ్ళకు క్యాటలిస్ట్ నాలుగు చుక్కలు ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందన్న అలవాటు ఉంటుంది. ఎపాక్సీలో అది నడవదు. రెజిన్‌కు హార్డెనర్ లెక్క ప్రకారం జత కుదరాలి. ఎక్కువైతే మిగిలిపోయిన హార్డెనర్, తక్కువైతే మిగిలిపోయిన రెజిన్ లోపలే ఉండిపోయి అతుకు మెత్తగానే ఉంటుంది. నీ పనికి 30 గ్రాముల రెజిన్, 3 గ్రాముల హార్డెనర్ చాలు. 3 గ్రాముల దగ్గర ఒక గ్రాము తేడా అంటే మూడో వంతు. వంటింటి తూకం ఒక్కో గ్రాము చొప్పునే చూపిస్తుంది, పనికిరాదు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ తూకం కావాలి. లేదంటే తెలిసిన బంగారం షాపులో తూచి తెచ్చుకో. విడివిడి సీసాల్లో తెచ్చుకొని, ఇంటికొచ్చాకే కలుపు. సీసా గోడకు కొంత అంటుకుపోతుంది కాబట్టి ఖాళీ సీసాను మళ్ళీ తూచి తేడా చూసుకో.

ఇక అసలు పని. చాలామంది దీన్ని అతికించే పని అనుకుంటారు. నిజానికి నూటికి ఎనభై పాళ్ళు ఇది గీకే పని.

మొదట దెబ్బ ఎంతదాకా పోయిందో కనుక్కోవాలి. కంటికి 4 సెంటీమీటర్లు కనిపిస్తే లోపల ఇంకాస్త ఉంటుందనే అనుకో. రూపాయి బిళ్ళ అంచుతో స్టే పొడవునా మెల్లగా తట్టుకుంటూ పో. కుండ కొనేముందు తట్టి చూస్తాం కదా, అదే పని. బాగున్నచోట టక్కుటక్కుమని సన్నగా, గట్టిగా మోగుతుంది. పొరలు విడిపోయినచోట శబ్దం బొద్దుగా, చచ్చినట్టు వస్తుంది. కుడి సీట్ స్టేని కూడా అదే చోట తట్టి పోల్చుకో, చెవికి తేడా వెంటనే దొరుకుతుంది. శబ్దం మారిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టు. ఇదే ఊపులో చైన్ స్టేలూ సీట్ ట్యూబూ కూడా తట్టి చూడు.

తర్వాత ఆ గీతలు దాటి పైకీ కిందికీ ఆరేడు సెంటీమీటర్ల దాకా రంగు తీసెయ్యి. 120 నంబరు సాండ్ పేపర్, చేత్తోనే. పెయింట్ రిమూవర్ పొయ్యొద్దు, అది రంగునూ ఎపాక్సీనీ ఒకేలా తింటుంది. గ్రైండర్ కూడా వద్దు. గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది, గ్రైండర్ తగిలి నువ్వు చెయ్యి తీసేలోపు ఆ మిల్లీమీటరు ఉండదు. రంగు కింద నల్లటి కార్బన్ బయటపడ్డాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిచి, ఆరేదాకా దగ్గరగా చూడు. చుట్టూ ఆరిపోయాక కూడా ఒక సన్నటి గీత తడిగా, ఇంకా నల్లగా మిగిలి ఉంటుంది. అదే పగులు. దాని కొస ఎక్కడ ఆగిందో నీ కళ్ళతో చూడకుండా ముందుకు పోవద్దు.

దుమ్ము గురించి మళ్ళీ చెప్పించుకోకు. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, నైట్రైల్ గ్లవ్స్, ఫుల్ చేతుల పాత చొక్కా. పేపరును నీళ్ళలో ముంచి తడిగా గీకితే దుమ్ము లేవదు. ఈ దుమ్ము కరెంటు పాసయ్యే రకం, అందుకని స్విచ్ బోర్డు, మిక్సీ, కంప్యూటర్ ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు. వాకిట్లో చెయ్యి, అయ్యాక బట్టలు విడిగా ఉతుకు. కార్బన్ ముల్లు విరిగి చర్మంలో ఉండిపోతే తీయడం నరకం.

ఇప్పుడు చెడిపోయిన భాగాన్ని తీసెయ్యాలి, దాని చుట్టూ బాగున్న భాగాన్ని ఏటవాలుగా గీకాలి. పని బలమంతా ఈ వాలులోనే ఉంది. కొత్త పోగు మీదికి బరువు ఎక్కాలంటే అది పాత పోగు పక్కన కొంతదూరం ఆనుకొని పడుకోవాలి, మధ్యలో ఉన్న రెజిన్ ఆ బరువును కొద్దికొద్దిగా దాటిస్తుంది. గోడలా నిట్టనిలువుగా కోసి గుంట పూడిస్తే దాటించే చోటే ఉండదు. లెక్క ఏమిటంటే, ఒక మిల్లీమీటరు లోతుకు కనీసం 30 మిల్లీమీటర్ల వాలు. గోడ మందం మిల్లీమీటరు అయితే పగులుకు పైన 3 సెంటీమీటర్లు, కింద 3 సెంటీమీటర్లు. నీ 4 సెంటీమీటర్ల పగులు కాస్తా 10 సెంటీమీటర్ల పని అవుతుంది. చూస్తే భయం వేస్తుంది, బాగున్నదాన్ని పాడుచేస్తున్నానేమో అనిపిస్తుంది. అయినా చెయ్యి. అయితే వాలు దెబ్బ తగిలిన ముఖం మీద మాత్రమే. స్టే వెనకవైపు బాగుంటే అక్కడ రంగు తప్ప ఏమీ తియ్యొద్దు, ప్రస్తుతానికి స్టేని నిలబెట్టేది అదే.

వాలు సరిగ్గా వస్తోందో లేదో కార్బనే చెప్తుంది. 180 పేపర్‌తో నున్నగా చేసి, సెల్‌ఫోన్ టార్చ్ పక్కనుంచి కొట్టి చూడు. ఒక్కో పొర అంచు ఒక్కో గీతగా, ఒకదాని చుట్టూ ఒకటి తేలుతుంది. ఎన్ని గీతలో అన్ని పొరలు. పోగు పడుకున్న దిక్కును బట్టి ఒక పొర తళుక్కుమంటుంది, దాని పక్కది మసకగా ఉంటుంది. ఫోన్ తిప్పితే మసకది మెరుస్తుంది. గీతల మధ్య దూరం సమంగా ఉంటే వాలు బాగుంది, ఒకచోట ముద్దగా దగ్గరపడితే అక్కడ నిటారుగా ఉంది, ఇంకా గీకాలి. ఫోటో తీసి పెట్టుకో. ఏ పొర ఏ దిక్కున ఉందో నీకు గుర్తుండదు, కొత్తది అదే దిక్కున వెయ్యాలి.

సొట్ట దగ్గర లోపలి పొర కూడా పోయి రంధ్రం పడితే, గుడ్డ కత్తిరించినప్పుడు మిగిలిన పోగుల్ని రెండు మూడు మిల్లీమీటర్లుగా తరిగి, ఎపాక్సీలో ముద్దలా కలిపి ఆ రంధ్రాన్ని పూడ్చి, ఆరాక సమంగా గీకు. అది బరువు మొయ్యదు. పైన వేసే గుడ్డ లోపలికి కుంగకుండా ఆసరా ఇస్తుంది, అంతే.

పొరలు వేసే ముందు సైకిల్ ఫ్రేము తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి. వెనక చక్రం బిగించే ఉంచు, లేదా ఆ కొలతకు సరిపడా ఇరుసు బిగించు, స్టే వంకర పోదు. ఒక దారం తీసుకొని ఒక డ్రాపవుట్ నుంచి ముందు హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కు కట్టు. మధ్యలో సీట్ ట్యూబ్‌కు దారం రెండువైపులా ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలువు. రెండూ సమానంగా ఉండాలి. ఒకసారి గట్టిపడ్డాక సరిచేసే దారి లేదు.

గుడ్డ కత్తిరించడం. చండూరు, గట్టుప్పల్ లాంటి చేనేత ఊళ్ళున్న జిల్లావాడివి, పడుగూ పేకా నీకు నేను చెప్పక్కర్లేదు. కార్బన్ గుడ్డలో సగం పోగు పడుగు, సగం పేక. స్టే పొడవునా పడుగు వచ్చేలా పెడితే సగం పోగే నిలువు బరువు మోస్తుంది, పేక గొట్టం చిట్లకుండా చుట్టూ పట్టి ఉంచుతుంది. అదే గుడ్డను ఐమూలగా కత్తిరించి పెడితే మెలి తిరిగే బరువుకు నిలుస్తుంది. సీట్ స్టేకు నిలువు బరువే ఎక్కువ, అందుకని నిలువు పొరలు ఎక్కువ, ఐమూల పొరలు తక్కువ. పోగంతా ఒకే దిక్కున ఉండే యూనిడైరెక్షనల్ పట్టీ దొరికితే నిలువు పొరల్లో రెండింటిని దానితో వెయ్యి, ఇంకా మంచిది. చేత్తో వేసిన 200 జీఎస్ఎమ్ గుడ్డ ఒక్కో పొర సుమారు పావు మిల్లీమీటరు తేలుతుంది. మిల్లీమీటరు గోడకు నాలుగు పొరలు లెక్క. మన చేతి పని ఫ్యాక్టరీ అచ్చంత బిగువు రాదు కాబట్టి ఒకటి రెండు ఎక్కువ, మొత్తం ఆరు అనుకో. పది వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని అడుగుతారు. ఉండదు. అక్కడ బిగుసుకుపోయి, పక్కన మామూలుగా వంగే గొట్టంతో గొడవ పడుతుంది. తర్వాత పగులు పట్టీ అంచున వస్తుంది.

ముందు చిన్న ముక్క, గుంట అడుగు కొలతకు. ఆపైన ప్రతిదీ పైకీ కిందికీ 7, 8 మిల్లీమీటర్లు పొడవు. చివరి రెండూ స్టే చుట్టూ పూర్తిగా తిరిగి, వాలు దాటి ఇంకో మూడు సెంటీమీటర్లు పోవాలి. అంచులన్నీ ఒకే గీత మీద ఆగకుండా చూసుకో. ముక్కలన్నీ ముందే కత్తిరించి వరస నంబర్లు రాసిన కాగితం మీద పెట్టుకో, రెజిన్ కలిపాక కత్తెర వెతుక్కునే టైమ్ ఉండదు. చక్రం టైరుకూ, డిస్క్ ఉంటే దానికీ ఎంత సందు ఉందో కూడా ఇప్పుడే చూడు, స్టే మిల్లీమీటరున్నర దాకా లావవుతుంది.

రెజిన్ ఎండాకాలంలో కలిపితే తెల్లవారుజామున కలుపు. 25 డిగ్రీల దగ్గర ఈ జతలు అరగంట పైచిలుకు పనిచెయ్యనిస్తాయి. ప్రతి 10 డిగ్రీలకూ ఆ సమయం దాదాపు సగమవుతుంది. మధ్యాహ్నం 42లో గ్లాసులో కలిపి ఫోన్ ఎత్తి మాట్లాడావంటే గ్లాసు పొగలు కక్కుతుంది. లోతు గ్లాసులో కాకుండా వెడల్పు పళ్ళెంలో పల్చగా పొయ్యి, వేడి పోతుంది. వానాకాలంలో ఇంకో తిప్పలు. గాలిలో తేమ ఎక్కువుంటే గట్టిపడిన పైపొర మీద జిడ్డులాంటి తెల్లటి పూత తేలుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగి గీకకుండా పైన ఏం వేసినా పట్టుకోదు.

ప్లాస్టిక్ షీటు మీద ముక్క పెట్టి, బ్రష్‌తో రెజిన్ అద్ది, పాత ఏటీఎమ్ కార్డుతో ఒత్తి మిగులు లాగెయ్యి. గుడ్డ బరువూ రెజిన్ బరువూ దాదాపు సమానంగా ఉంటే చాలు, కారుతుంటే ఎక్కువైనట్టు. స్టే మీద ఆల్కహాల్‌తో చివరిసారి తుడిచి, ఆరాక పల్చగా రెజిన్ పూసి, వరసగా పొరలు వెయ్యి. వేలితో మధ్యనుంచి బయటికి నిమురుతూ గాలి తీసెయ్యి. రెజిన్ చర్మానికి తగిలితే యాసిటోన్‌తో కడగొద్దు, అది లోపలికి ఇంకేలా చేస్తుంది. సబ్బునీళ్ళే. ఈ హార్డెనర్‌కు కొందరికి అలర్జీ పుడుతుంది, పుట్టిందంటే మళ్ళీ వాసన తగిలినా దద్దుర్లే.

ఇప్పుడు ఒత్తిడి. షాపుల్లో వ్యాక్యూమ్ పెడతారు. ఇంట్లో పాత సైకిల్ ట్యూబు చాలు. పైన పీల్ ప్లై (గట్టిపడ్డాక ఊడదీసే గుడ్డ) చుట్టు, దొరక్కపోతే పల్చటి పాలిథిన్ కవరు చుట్టి గుండుసూదితో దగ్గర దగ్గరగా పొడువు. దానిమీద పాత కాటన్ గుడ్డ ఒక చుట్టు, కారే రెజిన్ పీల్చుకోవడానికి. ఆపైన ట్యూబును రెండు వేళ్ళ వెడల్పున నిలువుగా చీల్చిన పట్టీ, సాగదీసి ఒక కొస నుంచి రెండో కొసకు సగం సగం ఎక్కేలా చుట్టు. మరీ బిగించి లాగితే లోపల గుడ్డ ముడత పడుతుంది. ముడత పడ్డ పోగు బరువు మొయ్యదు, అందుకే మొదటి చుట్టు కాస్త వదులుగా, రెండో చుట్టు బిగువుగా. సూది పొడిచిన చోటల్లా చిన్న చిన్న బొట్లుగా రెజిన్ పైకి వస్తే ఒత్తిడి సరిపోయింది.

ఒక రోజంతా కదపొద్దు. మర్నాటికి రాయిలా ఉంటుంది. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు, ఇంటర్నెట్‌లో చూపించేవాళ్ళూ ఆగిపోతారు. వాళ్ళ ఊళ్ళలో చెల్లుతుందేమో, నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో చెల్లదు.

ఎపాక్సీ ఎంత వేడిలో గట్టిపడిందో దానికి కాస్త పైదాకానే ఆ గట్టిదనం నిలుస్తుంది, చాలావాటికి 15, 20 డిగ్రీలు పైన. 30లో గట్టిపడింది 50 దగ్గరికి వచ్చేసరికి మెత్తబడడం మొదలుపెడుతుంది. మన మే నెలలో నీడలోనే 44, 45. నల్లటి ఫ్రేము ఎండలో నిలబడితే చెయ్యి పెట్టలేవు, 65 దాటుతుంది. అద్దాలు మూసిన కారులో పెట్టినా అంతే. డిసెంబరులో చేసిన అతుకు సంక్రాంతికి, శివరాత్రికి బాగానే ఉండి, ఎండాకాలంలో ఊడిందంటే తప్పు గుడ్డది కాదు, వేడి పెట్టకపోవడమే. అందుకే రెండో విడత వేడి, పోస్ట్ క్యూర్, మనకు తప్పనిసరి.

దానికి ఓవెన్ అక్కర్లేదు. స్టే ఆ భాగం పట్టేంత అట్టపెట్టె తీసుకొని లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించు. కోళ్ళ ఫారాల్లో పిల్లలకు వెచ్చదనం కోసం పెట్టే 100 వాట్ల పాతకాలం బల్బు ఒకటి, అట్టకూ స్టేకూ జానెడు దూరంలో, రేకు ముక్క మీద నిలబెట్టు. వైరు కొసన కొలిచే బొడిపె ఉన్న డిజిటల్ థర్మామీటరు దొరుకుతుంది, ఆ బొడిపెను పట్టీకి ఆనించి టేపు వెయ్యి. అరగంటకు 10 డిగ్రీల చొప్పున మెల్లగా పెంచు. పెట్టె మూత కాస్త తెరిచీ మూసీ వేడి సర్దుకో. 70 దగ్గర ఐదారు గంటలు నిలిపి, బల్బు ఆపి, పెట్టెలోనే చల్లారనివ్వు. నీ రెజిన్ డేటా షీట్ వేరే లెక్క చెప్తే అదే పాటించు, కానీ ఇంట్లో 80 దాటించొద్దు, రంగూ పక్కనున్న అంటింపులూ దెబ్బతింటాయి. ట్యూబు పట్టీ అలాగే ఉంచు. అట్టపెట్టె, బల్బు కాబట్టి పక్కనే కూర్చో, వదిలేసి బజారుకు పోకు. మే నెలలో డాబా మీద రేకు కింద నల్లగుడ్డ కప్పి పెట్టినా 55, 60 ఉచితంగా వస్తుంది, కానీ పట్టీ గట్టిపడ్డ మర్నాడే పెట్టు. ముందే ఎండలో పెడితే రెజిన్ నీళ్ళలా పల్చబడి కారిపోతుంది.

విప్పాక కారిన బొట్లు, గరుకు మాత్రమే 240 నీళ్ళ పేపర్‌తో తీసెయ్యి. పోగును గీకొద్దు, అందం కోసం పై పొరను తినేసినవాళ్ళను చూశాను. సొట్టలు ఉంటే ఎపాక్సీ పల్చగా పూసి సమం చెయ్యి, బంపర్ షాపు లప్పం వద్దు. మళ్ళీ రూపాయి బిళ్ళతో తట్టు. ఎక్కడైనా బొద్దు శబ్దం వస్తే అక్కడ గాలి చిక్కుకుంది. వేలి గోరంత కన్నా పెద్దదైతే పట్టీ తీసి మళ్ళీ చెయ్యాల్సిందే. ఎపాక్సీ ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది కాబట్టి పైన క్లియర్ కోట్ వేయించు, ఈ పనికి మాత్రం ఆ డెంటింగ్ పెయింటింగ్ షాపువాళ్ళ దగ్గరికే పో, నీకన్నా నాకన్నా బాగా చేస్తారు. కారుకు వేసే రెండు భాగాల క్లియర్ చాలు, వేడి గదిలో పెట్టొద్దని మాత్రం చెప్పు.

మొదట చక్రం బిగించి, సీటు మీద చేతులతో నీ బరువంతా వేసి నొక్కు, ఇద్దరు పట్టుకొని వెనక చక్రాన్ని అటూఇటూ లాగండి. కిర్రుమనకూడదు. తర్వాత కాలనీలో గుంతలు లేని చోట మెల్లగా, కొన్ని రోజులు ఒంటరిగా హైవే మీదికి పోకుండా. పట్టీ రెండు అంచుల దగ్గర సన్నటి పెయింట్ గీత పెట్టుకుంటే రైడ్ అయ్యాక ఒక్క చూపుతో తెలిసిపోతుంది. ఆ గీత చీలినా, అంచు తెల్లబడినా నడపడం ఆపెయ్యి. రిపేర్ స్టాండుకు, కారు క్యారియర్‌కు ఆ చోట బిగించొద్దు. ఎప్పుడైనా అమ్మితే అతుకు ఉందని చెప్పి అమ్ము.

ఇదంతా చదివి "అన్నా, నాతో కాదు" అనిపిస్తే సిగ్గుపడాల్సింది లేదు. కార్బన్ ఫ్రేములు బాగుచేసేవాళ్ళకు పార్సిల్ పంపించు. ముందే అడగాల్సినవి రెండే: లోపలి పొరల్ని అల్ట్రాసౌండ్‌తో చూస్తారా, పోస్ట్ క్యూర్ ఎంత వేడిలో పెడతారు. రెండోదానికి తడుముకుంటే వేరేవాళ్ళను చూసుకో.

నీ ఫోటోల్లో ఎడమ చైన్ స్టే, డ్రాపవుట్ కలిసే మూల కనిపించడం లేదు. ఫుట్‌రెస్ట్ దెబ్బకు స్టే లోపలికి వంగి ఉంటే ఆ మూల మీద కూడా లాగుడు పడి ఉంటుంది. గుడ్డ ఆర్డర్ చేసేముందు అక్కడ తుడిచి, టార్చ్ పక్కనుంచి కొట్టి ఒక ఫోటో పెట్టు. అక్కడ గీత ఉంటే నేను పైన చెప్పిందంతా ఆపి, పార్సిల్ దారే చూసుకోవాలి.